మర్నాడు పొద్దున బర్క్ దుకాణంలో

ప్రియమైన అమ్మాయికి,

నీ కథ మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున ఇంకోసారి చదివాను. హ్యారీ పాటర్ కథల్లో విలన్ వోల్డెమార్ట్ ఎందుకు అంత క్రూరుడయ్యాడన్న ప్రశ్న నిన్ను నిద్రపోనివ్వలేదని ప్రతి పేజీలో తెలుస్తోంది. అందుకే నాకు అనిపించింది దాచకుండా రాస్తున్నాను.

వోల్డెమార్ట్ అసలు పేరు టామ్ రిడిల్. నీ కథలో అనాథాశ్రమం నడిపే మిసెస్ కోల్ చిన్న టామ్ రిడిల్‌ని బెల్టుతో కొడుతుంది. ఆ దెబ్బలకే వాడు క్రూరుడయ్యాడని తేల్చేశావు. హ్యారీ పాటర్ ఆరో పుస్తకంలో ఆవిడ పనితో సతమతమయ్యే మనిషి, జిన్ను కాస్త ఎక్కువే తాగుతుంది, అంతే. పిల్లల్ని ఓ మాదిరి బాగానే చూసుకుంటున్నట్టుంది, కానీ పెరగడానికి అది దిగులు పుట్టించే చోటు. దెబ్బలు కలిపితే నీ పని సులువైపోతుంది, పాఠకుడికి ఊహించడానికి ఏమీ మిగలదు.

దానికి బదులు పదకొండేళ్ల టామ్, మాయల బడి గురించి చెప్పడానికి వచ్చిన మాస్టారు డంబుల్‌డోర్‌తో అన్న మాట దగ్గర ఆగి చూడు. అమ్మకి మాయలు వచ్చి ఉండవు, వస్తే చచ్చిపోయేది కాదు అంటాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. తల్లి లేదన్న ఏడుపు కాదది. చావంటే చేతకానితనమని ఆ వయసుకే వాడు తేల్చుకున్నాడు. తర్వాత తన ఆత్మని ముక్కలు చేసి దాచుకున్న మనిషి అక్కడే ఉన్నాడు.

చదువయ్యాక అతను బోర్గిన్ అండ్ బర్క్స్ అనే మాయవస్తువుల దుకాణంలో పనికి చేరతాడు. ఏళ్ల క్రితం నిండు గర్భిణిగా ఉన్న అతని తల్లి మెరోపీ, తన దగ్గర మిగిలిన, వంశ మూలపురుషుడు స్లిథరిన్ లాకెట్‌ని అమ్ముకున్నది అక్కడే. దుకాణదారు బర్క్ ఆమె చేతిలో పెట్టింది 10 గాలియన్లు, అంటే మాంత్రికుల బంగారు నాణేలు. దాని విలువకి అవి ఏ మూలకీ రావు. ఒకరోజు హెప్‌జిబా స్మిత్ అనే డబ్బున్న ముసలావిడ ఆ లాకెట్ టామ్‌కి చూపిస్తూ, చింపిరి బట్టల ఆడమనిషెవరో బర్క్‌కి అమ్మిందట, దొంగిలించే ఉంటుంది అంటుంది. అతని కళ్లు ఎర్రగా మెరుస్తాయి. గొలుసు పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడతాయి. రెండు రోజులకి ముసలావిడ చనిపోతుంది.

నన్ను ఏళ్ల తరబడి వదలనిది మాత్రం బర్క్ సంగతి. తల్లిని మోసం చేసినవాడు రోజూ ఎదురుగా కనిపించే యజమాని. అతణ్ణి టామ్ చంపినట్టు ఎక్కడా లేదు. తల్లి కోసం రగిలిపోయి ఉంటే ముందు పోవాల్సింది బర్క్ కదా? ఆ కళ్లు ఎర్రబడింది తల్లిని దొంగ అన్నందుకా, తన వంశపు సొత్తు పరాయివాళ్ల చేతిలో ఉందనా? నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. నీకు మొదటిదే అనిపిస్తే అదే రాయి. కాకపోతే బర్క్‌ని ఎందుకు వదిలేశాడో నీ కథ చెప్పాలి. విలన్ చేసినవాటికే కాదు, చెయ్యకుండా వదిలేసినవాటికి కూడా నీ ఊహ సరిపోవాలి.

కారణం చెబితే వెనకేసుకొచ్చినట్టు అవుతుందని భయపడకు. 1977లో వచ్చిన దాన వీర శూర కర్ణలో ఎన్టీఆర్ దుర్యోధనుడిగా పాంచాలి నవ్వు తలుచుకుని కుమిలిపోతుంటే మన గుండె కూడా బరువెక్కుతుంది. అయినా నిండు సభలో ద్రౌపదికి జరిగింది జరగకుండా పోదు. నీ కథలో అనాథాశ్రమంలో టామ్‌తో గొడవపడ్డ బిల్లీ కుందేలు, దూలానికి ఉరేసి కనిపించినది, లేదు. పొరపాటున తనే హెప్‌జిబా కోకోలో విషం కలిపానని నమ్మి, ఒప్పుకుని, శిక్ష పడ్డ ఆవిడ ముసలి పనిమనిషి, ఎల్ఫ్ అనే మాయజీవి హోకీ లేదు. టామ్ మీద జాలి కలగాలని వాళ్లని తీసేశావేమో. వాళ్లని వెనక్కి తీసుకురా. వాళ్లు ఉండగా కూడా అతను అర్థమైతేనే నువ్వు రాయగలిగినట్టు.

మంత్రాలు సగం తగ్గించు. సంభాషణలు బాగున్నాయి, వాటిని ముట్టుకోకు.

ఇప్పటికి మిగతా కథంతా పక్కన పెట్టి ఒక్క సన్నివేశం రాసి పంపు. హెప్‌జిబా లాకెట్ చూపించిన మర్నాడు పొద్దున. ఆవిడ ఇంకా బతికే ఉంది. గాబ్లిన్లనే మాయజాతివాళ్లు చేసిన ఆవిడ కవచానికి 500 గాలియన్లు ఇస్తానని బర్క్ ముందురోజు టామ్ చేతే కబురు పంపాడు. ఇప్పుడు దుకాణంలోకి వచ్చి, కోటు తీసి తగిలిస్తూ, బేరం ఏమైందని అడుగుతున్నాడు. టామ్ ఏం చెప్పాడు?

ఎదురుచూస్తూ ఉంటాను.

ప్రేమతో,
నీ శ్రేయోభిలాషి