ట్రెయిలర్ మీద గాలి దీపం ఆరకపోతే

అల్లుడూ,

డాలస్ షాపులో ట్రెయిలర్ల పని నీకు అప్పజెప్పారని అక్క చెప్పింది. చాలా సంతోషం. టైర్లకు తనంతట తానే గాలి పట్టే సిస్టమ్ ఉన్న ట్రెయిలర్ వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో: అది గాలి నింపుతుందే తప్ప టైరును బాగుచెయ్యదు. ట్రెయిలర్ ముందు డ్రైవరు వైపు ఉండే దీపం కూడా గాలి పోతోందని చెబుతుంది గాని ఎక్కడ పోతోందో చెప్పదు. బండి స్టార్ట్ చేయగానే కాసేపు వెలగడం మామూలే. పది నిమిషాలు దాటినా వెలుగుతుంటే లీకు వెతకాల్సిందే.

ముందు చక్రాలకు అడ్డాలు పెట్టు. ఎర్ర గ్లాడ్‌హ్యాండ్‌కి (ట్రెయిలర్‌కి గాలి లైను తగిలించే కొక్కెం) షాపు గాలి తగిలించగానే ట్రెయిలర్ పార్కింగ్ బ్రేకులు వదులుతాయి, నేల కాస్త వాలుగా ఉన్నా బండి కదులుతుంది. తరవాత ట్రెయిలర్ గాలి ట్యాంకు పూర్తిగా నిండనివ్వు. గాలిలో మొదటి హక్కు బ్రేకులది కాబట్టి, ట్యాంకులో సుమారు 70-80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటితేగాని బ్రేకుల గాలిని కాపాడే ప్రొటెక్షన్ వాల్వు టైర్ల వైపు గాలి వదలదు. సగం నిండిన ట్యాంకుతో చూసి, సిస్టమ్ పనిచెయ్యట్లేదని టైర్ల ప్రెషర్ సెట్ చేసే రెగ్యులేటరు తిప్పేవాళ్ళు చాలామంది. దాని జోలికి ఆఖర్న వెళ్ళు.

బుసబుస వినబడుతుంటే సిస్టమ్‌కి గాలి ఆపే షటాఫ్ వాల్వు కట్టెయ్. శబ్దం ఆగిందా, లీకు టైర్ల వైపే. ఆగలేదంటే బ్రేకుల లైన్లు చూడు. ఇక సబ్బు నీళ్ళు తీసుకుని టైరు వాల్వు కాడ (స్టెమ్), టైరుకి గాలి తెచ్చే గొట్టం రెండు కొసలు, హబ్‌క్యాప్ (చక్రం మధ్య మూత) మీద తిరిగే చక్రానికి గాలి అందించే రోటరీ యూనియన్ తడుపు. గొట్టం రిమ్ము అంచుకి రాసుకుని అరిగిందేమో చేత్తో తడిమి చూడు. జంట టైర్ల వాల్వులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుబొదురుగా ఉండాలి, లేకపోతే గొట్టం బిగుసుకుపోయి కొస దగ్గర చీలుతుంది.

హబ్‌క్యాప్ వెంట్ (గాలి బయటికి పోయే రంధ్రం) దగ్గర నురగ పొంగితే మాత్రం తొందరపడకు. యూనియన్ సీలు అరిగి గాలి హబ్బులోకి వస్తోంది, వెంట్ దాన్ని బయటికి పంపిస్తోంది. ఆ వెంట్‌ని ఎట్టి పరిస్థితిలోనూ మూసెయ్యకు. మూస్తే హబ్బులో ఒత్తిడి పెరిగి హబ్బులో ఆయిలును ఆపే వీల్ సీలు లేచిపోతుంది, ఆయిలు బ్రేకు లైనింగుల మీద పడుతుంది. యూనియన్ మార్చాక కూడా నురగ వస్తుంటే స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు చివరి భాగం) కొసలో ఉన్న ప్లగ్గు వదిలిందన్నమాట. హబ్‌క్యాప్ సైట్‌గ్లాస్‌లో (ఆయిలు కనబడే కిటికీ) ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి. ఆయిలు మార్చు, ట్యాంకు అడుగు కాక్ తిప్పి నీళ్ళు వదులు. చాలా సిస్టమ్‌లలో ఇరుసు లోపలి బోలే గాలి గొట్టం, కాబట్టి ఇరుసుకి రంధ్రం వెయ్యడం, వెల్డింగ్ పెట్టడం ఎవ్వరినీ చెయ్యనివ్వకు.

లీకు ఉన్నా దీపం వెలగడం లేదా? హబ్‌క్యాప్ దగ్గర ఒక గొట్టం విప్పు. గాలి ఆగకుండా రావాలి, దీపం వెలగాలి. గాలి వచ్చి దీపం రాకపోతే బల్బు, ఎర్తు, ఫ్లో స్విచ్ (గాలి పారితే దీపం వెలిగించేది) చూడు. గాలే రాకపోతే ఫిల్టరు మూసుకుపోయింది, లేదా చలికాలంలో లైన్లో నీళ్ళు గడ్డకట్టాయి.

ఇప్పుడు చెప్పేది ప్రాణం మీదకొచ్చే విషయం. ఉండాల్సిన ప్రెషర్లో 80 శాతం గాని అంతకంటే తక్కువతో గాని నడిచిన టైరును, అంటే 100 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 80 లేదా అంతకు తక్కువతో తిరిగినదాన్ని, బండి మీద ఉంచి గాలి పట్టనివ్వకు. పక్కగోడలోని ఉక్కు తీగలు లోపలే తెగి ఉండొచ్చు, గాలి పట్టేటప్పుడు ఒక్కసారిగా చీలొచ్చు. సిస్టమ్‌కి ఈ తేడా తెలియదు, గాలి అందగానే నింపుకుంటూ పోతుంది. అందుకే నెలల తరబడి యార్డులో పడున్న ట్రెయిలర్‌కి గాలి కలపకముందే గేజీతో ప్రతి టైరూ చూడు, లోపలి జంట టైరుతో సహా. తక్కువున్నదాన్ని దించి, రిమ్ము విప్పి లోపల పరీక్షించాకే, ఇనప బోనులో పెట్టి, వాల్వుని తనే పట్టుకుని ఉండే క్లిప్ చక్‌తో దూరంగా పక్కకి నిలబడి గాలి పట్టు. టైరు పక్కగోడకి ఎదురుగా నిలబడకు, ఇంకెవర్నీ నిలబడనివ్వకు.

అన్నీ సరిచేశాక రెగ్యులేటరు. ట్యాంకు నిండి, టైర్లు కనీసం మూడు గంటలు చల్లారాకే సెట్ చెయ్యి. తగ్గించాలంటే రెగ్యులేటరు దాటాక లైన్లో ఉన్న గాలి వదిలి, తక్కువ ప్రెషర్ నుంచి పైకి వస్తూ స్క్రూ తిప్పు. పది డిగ్రీల ఫారన్‌హీట్‌కి సుమారు 2 పీఎస్‌ఐ మారుతుంది కాబట్టి, మిన్నెసోటా చలిలో నిండిన టైరు టెక్సస్ వచ్చేసరికి ఎక్కువ చూపిస్తుంది. వేడి టైరులో గాలి తియ్యకు. నింపడమే గాని దించడం రాని సిస్టమ్ అయితే, చల్లారాక చూసి అవసరమైతేనే చేత్తో తీస్తే చాలు.

మీ మావయ్య