తగ్గిన ఐబీఆర్ మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాకు ఎనిమిది హెచ్‌ఎఫ్ సంకర ఆవులున్నాయి. వేసవిలో మూడింటికి గట్టి జ్వరం, ముక్కు కారడం, ముట్టె ఎర్రబడటం కనిపించి పది రోజుల్లో తగ్గింది. నెలన్నర తర్వాత వాటిలో ఒకటి ఆరో నెల చూడితో ఈసుకుపోయింది (గర్భస్రావమైంది). పరీక్షలో ఐబీఆర్ (పశువుల ముక్కు, శ్వాసనాళాలకు వచ్చే అంటురోగం) అన్నారు. ఈ మధ్య ఆ మూడింటిలోనే ఇంకో ఆవు ఈనాక కీటోసిస్‌తో (ఒంట్లో చక్కెర తగ్గే జబ్బు) మేత మానేస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించాం. రెండు వారాలకు, కొత్తగా కొన్న పెయ్యకు అదే జ్వరం. తగ్గిన రోగం మళ్లీ ఎలా వచ్చింది? ఆ ఆవును అమ్మేయాలా?
– పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: జ్వరం తగ్గింది గానీ వైరస్ పోలేదు. ఐబీఆర్‌కు కారణం బొవైన్ హెర్పిస్ వైరస్-1. ఒకసారి సోకితే పశువు బతికున్నంత కాలం దాని ఒంట్లోనే ఉంటుంది. పెయ్యకు అంటించింది చాలావరకు ఇంజెక్షన్లు పడిన ఆవే అయి ఉంటుంది. పెయ్యకు కూడా పరీక్ష చేయిస్తేనే అది ఖాయమవుతుంది.

ముక్కు పొరలోని కణం తన జన్యువుల నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తీసి, వాటి ప్రకారం ప్రొటీన్లు చేసుకుంటుంది. ఈ వైరస్ లోపలికి వస్తూనే వీహెచ్‌ఎస్ అనే కత్తెర ప్రొటీన్‌ను వెంట తెస్తుంది. అది ఆ నకళ్లను తెగ్గొడుతుంది. వైరస్ నకళ్లు కూడా తెగుతాయి, కానీ అది ఎప్పటికప్పుడు కొత్తవి తీయించుకుంటుంది కనుక పని ఆగిపోయేది కణానికే. బీఐసీపీ-0 అనే మరో వైరస్ ప్రొటీన్, వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించే ఐఆర్‌ఎఫ్-3 అనే కణం ప్రొటీన్‌ను నాశనం చేస్తుంది. యూఎల్ 49.5 అనేది, వైరస్ ముక్కలు కణం పైభాగానికి చేరి రోగనిరోధక కణాల కంటపడకుండా దారి మూసేస్తుంది. పశువు ఒళ్లు తేరుకుని ఎదురుతిరిగేలోపు ముక్కు పొర పుండై, దాని మీద బ్యాక్టీరియా చేరి న్యుమోనియా దాకా పోతుంది. యాంటీబయాటిక్ పనిచేసేది ఆ బ్యాక్టీరియా మీదే. వైరస్‌కు అది మందు కాదు.

తర్వాత వైరస్ నరాల వెంట పాకి, తలలోని ట్రైజెమినల్ నాడీ ముడిలో దాక్కుంటుంది. అక్కడ తన జన్యువులను కూడా దాదాపు అన్నీ ఆపేసుకుంటుంది. ప్రధానంగా ఎల్‌ఆర్ అనే జన్యువు మాత్రం పనిచేస్తూ నరకణం చావకుండా కాపు కాస్తుంది. అప్పుడు ముక్కు స్వాబ్‌లో ఏమీ దొరకదు, రక్తంలోని యాంటీబాడీలే ఆచూకీ.

స్టెరాయిడ్ వల్ల ఒంట్లో శక్తి తగ్గి రోగం తిరగబెట్టిందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. బీఐసీపీ-0 జన్యువును నడిపే మీట మీద స్టెరాయిడ్ గ్రాహకం నేరుగా అతుక్కునే చోట్లున్నాయి. అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వైరస్‌ను తట్టి లేపుతుంది. పరిశోధనల్లో నిద్రపోతున్న వైరస్‌ను లేపడానికి వాడేదీ ఈ మందే. ఈనడం, దూర ప్రయాణం, తీవ్రమైన ఎండ కూడా ఒంట్లో సహజ స్టెరాయిడ్లను పెంచుతాయి. ఇకపై ఏ డాక్టరు వచ్చినా "ఈ మందకు ఐబీఆర్ ఉంది" అని ముందే చెప్పండి. కీటోసిస్‌కు డెక్స్‌ట్రోజ్, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో వైద్యం నడిపే వీలుంది. చూడి చివరి నెలల్లో అయితే డెక్సామెథసోన్ ఒక్కటే ఆవు ఈసుకుపోయేలా చేయగలదు.

ఇప్పుడు పెయ్యను, ఆ ఆవును మంద నుంచి వేరు చేయండి. ముక్కు నుంచి వైరస్ రాలేది సుమారు రెండు వారాలు. మూడు వారాలు వేరుగా ఉంచితే నిశ్చింత. తొట్టి, బకెట్, తాడు వేరుగా పెట్టి, వాటి పని చివర్లో చేయండి. పేడ, చొంగ బాగా కడిగాకే లీటరు నీటికి 10 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లాలి. పేడ మీద చల్లితే ఆ మందు వృథా.

పెయ్యకు జ్వరం మొదలైన నాలుగైదు రోజుల్లోపు ముక్కు లోతు నుంచి స్వాబ్, దాంతోపాటు 5–10 మి.లీ. రక్తం తీయించి ఐసు పెట్టెలో పంపండి. మూడు వారాలకు మళ్లీ రక్తం పంపాలి. యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగితే రోగం కొత్తగా సోకినట్టు. ఈసుకుపోయిన ఆవు విషయంలో ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే దానికి వైరస్ సోకి అప్పటికే వారాలు గడిచి యాంటీబాడీలు పెరిగి ఉంటాయి. అలాంటప్పుడు పిండం కాలేయం, ఊపిరితిత్తి, మాయ ముక్క పంపడమే మేలు. ఐబీఆర్ మనుషులకు అంటదు గానీ ఈసుకుపోవడానికి బ్రూసెల్లోసిస్ కూడా కారణం కావచ్చు, అది మనుషులకు అంటుతుంది. చేతి తొడుగులు లేకుండా మాయను ముట్టుకోవద్దు, పరీక్ష రెండింటికీ అడగండి.

అమ్మకం సంగతి: ముందు మంద మొత్తానికి ఎలైసా (యాంటీబాడీలు చూసే పరీక్ష) చేయించండి. ఆరు నెలల్లోపు దూడల్లో జున్నుపాల ద్వారా వచ్చిన తల్లి యాంటీబాడీలుంటాయి, వాటి ఫలితాన్ని నమ్మవద్దు. ఒకటి రెండు ఆవులకే ఉంటే తప్పించడం లాభం. ఎక్కువ వాటికి ఉంటే ఒక్కదాన్ని అమ్మి ప్రయోజనం లేదు, పైగా ఆ రోగం ఇంకొకరి కొట్టానికి చేరుతుంది. అలాంటి మందలో ఊరి ఆబోతుతో దాటించడం మానేసి, పరీక్షించిన ఆబోతుల వీర్యంతోనే సూది వేయించండి. కొత్త పశువును 30 రోజులు విడిగా కట్టి, రక్తపరీక్ష అయ్యాకే కలపండి. టీకా వేయించదలిస్తే వైరస్‌లోని జీఈ అనే జన్యువు తీసేసిన మార్కర్ రకం అడగండి. టీకా యాంటీబాడీ ఏదో, రోగం వల్ల వచ్చిందేదో పరీక్షలో తేడా తెలుస్తుంది. అయితే నరాల్లో ఇప్పటికే దాక్కున్న వైరస్‌ను ఏ టీకా కూడా తీసేయలేదు. రోగ తీవ్రతను, వైరస్ బయటికి రాలడాన్ని మాత్రం తగ్గిస్తుంది.