నవ్వేవాళ్లు ఎక్కడ కూర్చున్నారు?

అమ్మాయీ,

నీ వ్యాసం అంది చాలా రోజులైంది. 'నల్లజాతి స్టాండప్ కామెడీ: పది మూసలు' అన్న శీర్షిక చూసి కాగితాలు పక్కన పడేశాను. శీర్షికలో అంకె కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జబ్బు నీది కాదులే, ఈ కాలపు సంపాదకులది. దేన్నయినా పది ముక్కలుగా కోసి ఇమ్మంటారు. పదకొండోది ఉంటే పారేయమంటారు, తొమ్మిదే ఉంటే ఇంకొకటి పుట్టించమంటారు. జవాబివ్వకపోతే మర్యాద కాదని మళ్లీ తీశాను. నాలుగో పేజీలో ఒక చిన్న పేరా కనబడింది. నిజానికి ఈ ఉత్తరం ఆ పేరాకే రాస్తున్నాను.

అట్లాంటాలో ఒక కామెడీ క్లబ్బుకు స్నేహితురాళ్లతో వెళ్లావు. హాలు నిండా నల్లవాళ్లు. ముందు వరసలో ఉన్న మిమ్మల్ని చూసి కమెడియన్ మాట ఆపి, "మీలో డాక్టరెవరు? నాకు మోకాలు నొప్పి" అన్నాడు. హాలు గొల్లుమంది. "మేమూ నవ్వాం, కాస్త ఆలస్యంగా" అని రాశావు. బాగుంది. ఆ తర్వాతి వాక్యం ఏమిటి? "ఆరవ మూస: చర్చి." ఆ ఆలస్యం ఎందుకొచ్చిందో చెప్పకుండా నువ్వు చర్చికి వెళ్లిపోయావు!

నీ జాబితాలో తప్పేమీ లేదు. అమ్మ చేతి దెబ్బలు, చర్చి, పోలీసులు, వేయించిన కోడి, తెల్లవాళ్ల నడక, నల్లవాళ్ల నడక, అన్నీ ఉన్నాయి. ఎవరు రాసినా ఇవే ఉంటాయి. అదే నా ఫిర్యాదు. జోకు దేని గురించో చెప్పావు గానీ ఎవరి ముందు చెప్పారో ఒక్కచోటా చెప్పలేదు. నవ్వు గురించి రాసేవాళ్లు వేదికకేసి చూసే ముందు కుర్చీలకేసి చూడాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరిని కూర్చోనివ్వలేదు, టికెట్ డబ్బు ఎవరిది? ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా ఇంట్లో నేను 'కు' అనగానే లేచి వెళ్లిపోతారు.

1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో నల్లజాతి కమెడియన్ రిచర్డ్ ప్రయర్ వేదిక ఎక్కాడు. మరుసటి ఏడాది ఆ ప్రదర్శన సినిమాగా వచ్చింది. విరామం అయిపోయినా జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూనే ఉన్నారు. ప్రయర్ అక్కడే పట్టుకున్నాడు. తెల్లవాళ్లు విరామం నుంచి తిరిగొచ్చి చూస్తే తమ కుర్చీల్లో నల్లవాళ్లు కూర్చుని ఉంటారట. మనం ఇక్కడే కదా కూర్చున్నామని తెల్లాయన మర్యాదగా సణుగుతాడు. ఇప్పుడైతే కూర్చోలేదుగా అని అవతలి నుంచి జవాబు. నీ పద్ధతిలో ఇది 'నల్లవాడు జబర్దస్తీ చేస్తాడు' అన్న మూస కింద పడుతుంది. కానీ ప్రయర్ పుట్టింది 1940లో. అతని చిన్నతనంలో అమెరికా దక్షిణాది థియేటర్లలో నల్లవాళ్లు పక్క మెట్లెక్కి బాల్కనీకి పోవాలి. మాంట్‌గోమరీ బస్సులో రోజా పార్క్స్ అనే నల్లావిడ తెల్లవాడి కోసం సీటు ఖాళీ చేయనన్నది 1955లో. గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవాళ్ల భోజన కౌంటరు దగ్గర కూర్చుని లేవనన్నది 1960లో. ఇదంతా తెలిసినవాళ్లే లాంగ్ బీచ్ హాల్లో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆ నవ్వులో సగం ఆ కుర్చీలదే.

2000లో స్పైక్ లీ తీసిన 'ది ఒరిజినల్ కింగ్స్ ఆఫ్ కామెడీ' సినిమాలో సెడ్రిక్ అనే కమెడియన్ కూడా కచేరీ కుర్చీల మీదే జోకు చెప్పాడు. తమ సీట్లలో ఎవరూ ఉండకూడదని తెల్లవాళ్లు కోరుకుంటారు, ఎవరో ఒకరు ఉంటే బాగుండునని మనవాళ్లు కోరుకుంటారు అంటాడు. ఎందుకంటే తగువు పెట్టుకోవచ్చు! దీన్నీ నువ్వు 'వాళ్లిలా, మేమిలా' కింద పడేశావు. ఆ విభాగం మొత్తం తిరగరాయాలి.

'వాళ్లిలా, మేమిలా' అన్నది అరిగిపోయిన పద్ధతి అన్నావు. అరిగిపోయిన మాట నిజమే, దాన్ని పట్టుకుని జీవితమంతా లాగించిన కమెడియన్లు ఉన్నారు. కానీ ఆ పద్ధతిలో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకం నడకలను పోలుస్తుంది, అది చవక సరుకు. రెండోది ఒకే పనికి ఇద్దరూ చెల్లించే ధరను పోలుస్తుంది. 1974లో ప్రయర్ రికార్డులో పోలీసులు కారు ఆపే ఘట్టం విను. తెల్లాయన ఆ పోలీసును పేరు పెట్టి పలకరించి కబుర్లు చెబుతాడు. నల్లాయన మాత్రం లైసెన్సు కోసం జేబులో చెయ్యి పెడుతున్నానని ఒక్కో మాటా విడదీసి గట్టిగా ప్రకటిస్తాడు. ఎందుకంటే అతనికి 'ప్రమాదవశాత్తు' చావాలని లేదు. ఇందులో నడక ఎక్కడుంది?

దెబ్బల జోకులు చూసి నువ్వు ముఖం చిట్లించావు. ప్రయర్‌ను కొట్టడానికి బెత్తాన్ని వాళ్ల నాయనమ్మ అతన్నే కోసుకు రమ్మనేది. అతను వేదిక మీద ఆ పిల్లాడైపోతాడు. ఆకులు దూసి, గాలిలో ఆడించి, ఆ చప్పుడుకే ఏడుస్తూ ఇంటికి నడుస్తాడు. ఆ నడక ఎంతసేపు సాగుతుందో చూశావా? నువ్వు 'నాలుగవ మూస: క్రమశిక్షణ' అని రెండు వాక్యాల్లో తేల్చేశావు. వాండా సైక్స్ అనే నల్లజాతి కమెడియన్ 2009లో వాళ్లమ్మ గురించి చెప్పింది అంతకంటే సన్నటి విషయం. కారులో పాట వస్తుంటే పిల్లలు ఊగకూడదు. "తెల్లవాళ్లు చూస్తున్నారు!" అన్నది ఆ తల్లి గదమాయింపు. ఎవరూ ఎదురుగా కూర్చోకపోయినా ప్రేక్షకులు ఉన్నారన్నమాట. 

ఇక ఈ మూసలు ఎక్కడ పుట్టాయో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. 1830ల నాటికే తెల్ల నటులు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని, పెదవులు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాడు సోమరి, దొంగ, పిరికివాడు అని ఆడి చూపించి డబ్బు చేసుకున్నారు. థామస్ రైస్ ఆడిన జిమ్ క్రో వేషం పేరే తర్వాత నల్లవాళ్లను విడిగా ఉంచే చట్టాలకు వచ్చింది. 1910లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో జీగ్‌ఫెల్డ్ వారి ప్రదర్శనలో చేరిన బర్ట్ విలియమ్స్ నల్లజాతి నటుడే. ఆయనా మసి పూసుకునే వేదిక ఎక్కాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లు డబ్బు ఇచ్చింది ఆ ముఖానికి.

పాతతరం నల్లజాతి హాస్యనటి మామ్స్ మేబ్లీ గురించి రాసినందుకు సంతోషం. కానీ 'గయ్యాళి ముసలమ్మ' అన్నావు చూడు, అక్కడ కాగితం చింపుదామనుకున్నాను. పళ్లు లేని నోరు, ఇంట్లో తొడుక్కునే గౌను, వేలాడే టోపీ, ఇదంతా వేషమమ్మా! న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెంలోని అపోలో థియేటర్ 1934లో నల్లజాతి ప్రేక్షకులకు తలుపులు తెరిచింది, అంతకుముందు అది తెల్లవాళ్లకే. అక్కడ సొంతవాళ్ల ముందు ఆమె ముసలి మొగుళ్లను ఏకి పారేసేది. ముసలాడు నాకు చేయగలిగిన ఒకే ఉపకారం కుర్రాడి దగ్గర నుంచి కబురు మోసుకురావడమే అనేది. అవే మాటలు ఒక యువతి అంటే ఆ రోజుల్లో వేదిక దించేసేవారు. మూసను దుప్పటిలా కప్పుకుని దాని చాటున తనకు కావలసినదంతా అన్నది ఆమె.

నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీ సంగతి ఇంకా గట్టిది. 1961 జనవరిలో షికాగోలోని ప్లేబాయ్ క్లబ్బులో ఆయన ఎదుట కూర్చున్నది దక్షిణాది తెల్ల వ్యాపారులు. నవ్వించి దిగాడు. తర్వాత జాక్ పార్ నడిపే టీవీ కార్యక్రమం నుంచి పిలుపు వస్తే పొమ్మన్నాడు. నల్ల కళాకారులు వచ్చి నవ్వించి వెళ్లిపోవాలే గానీ అతిథుల సోఫాలో కూర్చుని మాట్లాడే వీలు ఉండేది కాదు. కూర్చోబెడతామన్నాకే వెళ్లాడు. ఆయన చెప్పిన కోడి జోకు నీ మూడవ మూసలో ఉంది, కానీ సగమే రాశావు. దక్షిణాది హోటల్లో వేయించిన కోడి తెప్పించుకుంటాడు. ముగ్గురు తెల్లవాళ్లు వచ్చి, ఆ కోడిని నువ్వేం చేస్తే నిన్ను మేమూ అదే చేస్తాం అంటారు. ఆయన కత్తి, ఫోర్కు కింద పెట్టి, కోడిని చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంటాడు. మూస ఆ ముగ్గురి మెడకు చుట్టుకుందా లేదా?

కమెడియన్ ఎడ్డీ మర్ఫీని సమర్థించాలా, ఖండించాలా అని అడిగావు. తీర్పులు నా పని కాదు. ఒక్క సంగతి చెబుతాను. అతను 1983లో ఎర్ర తోలు దుస్తుల్లో నవ్వించింది వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్లో. 1939లో మేరియన్ ఆండర్సన్ అనే మహాగాయనిని, నల్లజాతి మనిషని, పాడనివ్వనన్నది ఆ హాలే. ఆమె ఆ ఏడాది ఈస్టర్ నాడు లింకన్ స్మారకం మెట్ల మీద ఆరుబయట పాడింది. అలాంటి చోట నిలబడి మర్ఫీ స్వలింగ సంపర్కుల మీద, ఎయిడ్స్ మీద పరమ మొరటు జోకులు వేశాడు. వాళ్లెవరూ ఆ కుర్చీల్లో లేరనుకున్నాడు. 1996లో క్షమాపణ చెప్పాడు.

కుర్చీలు మారితే అదే జోకు ఏమవుతుందో నీ వ్యాసంలో లేకపోవడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. నల్లజాతి కమెడియన్ క్రిస్ రాక్ 1996లో తనవాళ్లలోనే రెండు రకాలున్నారంటూ ఒక తిట్టు మాట పదే పదే వాడి నవ్వించాడు, గొప్ప పేరొచ్చింది. తర్వాత ఆ అంశాన్ని మానేశాడు. కొందరు తెల్లవాళ్లు దాన్ని తమకిచ్చిన అనుమతి అనుకుంటున్నారని గ్రహించాడు. మరో కమెడియన్ డేవ్ చాపెల్ 2005లో తన టీవీ కామెడీ కార్యక్రమానికి కుదిరిన సుమారు 5 కోట్ల డాలర్ల ఒప్పందం వదిలి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. మసి ముఖం వేషం మీద ఒక ఘట్టం తీస్తుంటే సెట్‌లో ఒక తెల్లాయన నవ్విన తీరు తనకు గుచ్చుకుందని తర్వాత చెప్పాడు. ఆ నవ్వు తనతో కలిసి నవ్వుతున్నట్టు లేదు. ఇప్పుడు ఫోన్లో ముప్పై సెకన్ల ముక్క చూసి జోకు అర్థమైందనుకుంటారు. ఆ ముక్కలో కుర్చీలే కనబడవు. 1992లో మొదలైన 'డెఫ్ కామెడీ జామ్' అనే టీవీ కార్యక్రమం నీకు మొరటుగా తోచింది కదా, కనీసం ఆ కెమెరాలు జనం వైపు తిరిగేవి.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. గుమాస్తాగిరీ చేసుకుంటూ ఒక వారపత్రికకు హాస్యకథలు రాసేవాణ్ని. ఒక కథలో ఆఫీసు అటెండరు అధికారికి చురక పెడతాడు, సూటిగా, మామూలు మాటల్లో. అచ్చయి వచ్చేసరికి అతని నోట తెలంగాణ యాస పెట్టారు, అది కూడా తప్పుల తడక యాస. ఆ సంపాదకుడికి తెలంగాణ అంటే సినిమాలో రౌడీలు, జోకర్లు మాట్లాడే భాషే. చురక ఎగిరిపోయింది, అటెండరే జోకైపోయాడు. మా ఆఫీసులో టీ వేళ దాన్ని పైకి చదివింది మా అటెండరే. అందరూ నవ్వారు, ఆయన కూడా. వెళ్లి అడిగితే సంపాదకుడు "పాఠకులు నవ్వారు కదండీ" అన్నాడు. ఎవరు, ఎక్కడ కూర్చుని నవ్వారు అన్నాను. నన్నొక వింత మనిషిని చూసినట్టు చూశాడు. ఆ కథ పారితోషికం ఈనాటికీ రాలేదు.

ఇప్పుడు నీ పాఠకుల దగ్గరికి వస్తాను. నీ వ్యాసం చదివేది డాలస్‌లో, న్యూజెర్సీలో, హైదరాబాదులో ఉన్న తెలుగువాళ్లు. విమానం దిగిన పిల్లలకు మనవాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త ఏమిటో నీకు తెలుసు. ఫలానా పేటకు వెళ్లకు, అక్కడంతా వాళ్లే. చాలా ఇళ్లకు ఒక్క నల్లజాతి అతిథి కూడా వచ్చి ఉండడు. మన డాక్టర్లు, ఇంజినీర్లు గుంపులుగా వెళ్లగలిగింది 1965 వలస చట్టం వచ్చాక. పౌరహక్కుల కోసం నల్లవాళ్లు తన్నులు తిన్న కాలంలోనే, ఆ గాలిలోనే ఆ చట్టం వచ్చింది. వాళ్లు తెరిపించిన హాల్లోకి వెళ్లి మంచి సీట్లు చూసుకున్న మనకు నీ పది మూసలు చేతికిస్తే ఏం చేస్తాం? చూశావా, వాళ్లే ఒప్పుకున్నారు అంటాం. చాపెల్‌కు గుచ్చుకున్నది అలాంటి నవ్వే.

అందుకే జాబితా తీసేసి ఆ నాలుగో పేజీ పేరాను పదిహేను పేజీలు చెయ్యి. ఆ కమెడియన్ మీకు అంటగట్టినదీ మూసే కదా. మీరు ఎంతసేపు ఆగారు, ఎవరు మొదట నవ్వారు, వెనక వరసలవాళ్లు మిమ్మల్ని చూశారా, అతను తర్వాత ఏమన్నాడు? గుర్తు లేకపోతే మళ్లీ వెళ్లు. ఈసారి వెనక కూర్చో.

తెలుగులో ఇలాంటి కామెడీ వస్తుందా అన్న ప్రశ్న, పుస్తకంగా వేయవచ్చా అన్న ప్రశ్న అలాగే ఉంచుతున్నాను. ఎక్కడికి పంపాలన్న దానికి మాత్రం జవాబిస్తాను. ఉగాది హాస్య సంచికకు పంపకు. డబ్బు బాగానే ఇస్తారు, కానీ వ్యాసానికి బొమ్మ వేయిస్తారు. ఆ బొమ్మలో పెదవులు ఎంత లావుగా వేస్తారో నేను పాత సంచికల్లో చూశాను.

ఆశీస్సులతో.