పంచాయితీ వేరు, కౌన్సెలింగ్ వేరు

ప్రశ్న: పెళ్లయి ఏడేళ్లు, ఒక బాబు. మా ఆయన జీతంలోంచి వాళ్లమ్మగారికి డబ్బు పంపడం దగ్గర మొదలైన గొడవ ఇప్పుడు ప్రతిదానికీ పాకింది. పెద్దలు రెండుసార్లు కూర్చుని సర్దిచెప్పారు. పది రోజులు బాగుంటాం, మళ్లీ మామూలే. కౌన్సెలింగ్‌కి వెళ్దామంటే "మనమేమన్నా పిచ్చివాళ్లమా" అంటున్నారు. అక్కడ అసలు ఏం చేస్తారు? మంచివాళ్లను ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెద్దలు కూర్చుంటే తప్పెవరిదో తేలుస్తారు. ఎవరిదని తేలినా ఆ మనిషి నలుగురిలో తల దించుకుని ఇంటికొస్తారు. ఆ తలవంపులే తర్వాతి గొడవకు పెట్టుబడి. మీ పది రోజుల లెక్క అక్కడే ఉంది. కౌన్సెలర్ తీర్పు చెప్పరు. గొడవ ఏ మాట దగ్గర అంటుకుంటోందో, ఎక్కడ అదుపు తప్పుతోందో ఇద్దరికీ కనపడేలా చేసి, అక్కడ వేరేలా మాట్లాడడం అలవాటు చేయిస్తారు.

మీ ఇంటి సంగతే తీసుకోండి. "మీకు మీ అమ్మే ముఖ్యం" అని మీరంటారు. ఆయనకు అది "నువ్వు చెడ్డ మొగుడివి" అని వినపడుతుంది. "మీవాళ్లేం తక్కువ తిన్నారా" అని ఆయనంటారు. డబ్బు మాట అప్పటికే పక్కకు పోయింది. కౌన్సెలర్ అక్కడ ఆపి, అదే విషయాన్ని మీ సంగతిగా రెండు ముక్కల్లో చెప్పమంటారు: "ఈ నెల ఎంత పంపారో నాకు తెలీదు. స్కూలు ఫీజు గుర్తొస్తే నాకు భయమేస్తోంది." ఆయన వెంటనే సమాధానం చెప్పకూడదు. విన్నది ముందు తన మాటల్లో తిరిగి చెప్పాలి: "ఎంత పంపానో చెప్పకపోయేసరికి, ఫీజుకు చాలదేమోనని భయపడుతున్నావు. అంతేనా?" మీరు అవునన్నాకే ఆయన వంతు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ ఇదే అసలు పని. చాలామంది దీన్ని చెడగొట్టేది ఒక్కచోటే: తిరిగి చెప్పి, చివర "కానీ..." అని తగిలిస్తారు. ఆ ఒక్క మాటతో విన్నదంతా కొట్టుకుపోతుంది.

రెండోది విరామం. గుండె దడదడలాడుతున్నప్పుడు అవతలి మాట చెవికెక్కదు. ఒళ్లు చల్లబడడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. అందుకే ఎవరైనా "ఇక ఆపుదాం" అనొచ్చు, కానీ మళ్లీ ఎప్పుడు కూర్చోవాలో చెప్పి లేవాలి. "ఎనిమిదిన్నరకు మాట్లాడదాం" అని డాబా మీదికి వెళ్లడం విరామం. ఏమీ చెప్పకుండా బండి తీసుకుని లాడ్జి సెంటరుకు వెళ్లిపోతే, ఇంట్లో ఉన్న మనిషికి అది వదిలేసి పోయినట్టే ఉంటుంది. ఆ 20 నిమిషాలూ అన్న మాటలే నెమరేసుకుంటూ కూర్చున్నా కోపం చల్లారదు.

సాధారణంగా మొదటిసారి ఇద్దరినీ కలిపి గంటా, గంటన్నర మాట్లాడతారు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా ఒకసారి. ఆపైన వారానికోసారి, 50 నిమిషాల నుంచి గంట. ఎనిమిది నుంచి ఇరవై సార్లు పట్టొచ్చు. రెండుసార్లు వెళ్లి "ఏమీ మారలేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. అప్పటికి గొడవ బయటపడుతుందే తప్ప, కొత్త అలవాటు ఇంకా మొదలు కాదు.

ఇక వెతకడం. మన దేశంలో "మ్యారేజ్ కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేకమైన లైసెన్సు లేదు. కాబట్టి బోర్డు చూసి కాదు, చదువు చూసి వెళ్లండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి కౌన్సెలింగ్ చేసేవారైతే, దంపతులతో పనిచేయడంలో విడిగా శిక్షణ పొందారా అని అడగండి. ఒక మనిషితో మాట్లాడడం వేరు, ఎదురెదురుగా కూర్చుని అరుచుకునే ఇద్దరిని పట్టుకోవడం వేరు. మద్యం, డిప్రెషన్, అనుమానపు జబ్బు, లైంగిక సమస్య ఉంటే ముందు సైకియాట్రిస్టు చూడాలి. ఖర్చు భారమైతే గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి ఫోన్‌లోనే మూడు అడగండి: ఫీజు ఒక్కో సెషన్‌కా, ప్యాకేజీనా? రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి? విడిగా చెప్పిన మాట రెండోవారికి చెబుతారా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ప్రాణాపాయం, పిల్లలపై అఘాయిత్యం, కోర్టు ఆదేశం లాంటివి తప్ప మాట బయటికి పోకూడదు. మొదటి రోజే ఒకరి పక్షం తీసుకున్నా, జాతకాలు అడిగినా, "నెలలో గ్యారంటీ" అన్నా మళ్లీ వెళ్లొద్దు.

తెలిసినవాళ్లు చూస్తారని బెంగ ఉంటే గుంటూరువాళ్లు విజయవాడకు, అక్కడివాళ్లు ఇక్కడికి వెళ్లడం మంచి పద్ధతే. వీడియో కాల్ కూడా పనిచేస్తుంది, పక్కగదిలో అత్తగారు లేకపోతే. ఉంటే ఏ ముఖ్యమైన మాటా నోట రాదు. అలాంటప్పుడు నీడన ఆపిన కారులో కూర్చుని మాట్లాడడం నయం.

మీవారితో "మీరు మారాలి, అందుకే వెళ్దాం" అనకండి. "నేను మాట్లాడే తీరు కూడా బాగాలేదు, మూడుసార్లు వెళ్లి చూద్దాం, నచ్చకపోతే ఆపేద్దాం" అనండి. అయినా రానంటే మీరొక్కరే వెళ్లండి. గొడవలో మీ వంతు మారితే ఆయన పాత జవాబుకు చోటుండదు.

ప్రశ్న: మా అల్లుడు తాగొచ్చి అమ్మాయిని కొడుతున్నాడు. ఇద్దరినీ కౌన్సెలింగ్‌కి పంపమని బంధువులంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టొద్దమ్మా. అక్కడ నోరు విప్పి నిజం చెబితే, దానికి ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. ముందు అమ్మాయి క్షేమం. ఆపదలో 112, మహిళా హెల్ప్‌లైన్ 181. జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌లో ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగొచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి. దెబ్బలుంటే ఆసుపత్రిలో చూపించి, అవి ఎలా తగిలాయో చీటీలో రాయించండి. అల్లుడి తాగుడుకు వైద్యం అతనికి విడిగా జరగాలి.

ప్రశ్న: ఇద్దరం ఇష్టపడి విడాకులకు వేశాం. కోర్టు మీడియేషన్‌కు పంపింది. అక్కడ చెప్పింది మాకే అడ్డం తిరుగుతుందా?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: తిరగదు. మీడియేషన్‌లో మాట్లాడింది గోప్యం, సాక్ష్యంగా వాడరు. రాజీ కుదిరిందా లేదా అన్నదే జడ్జికి చేరుతుంది. రాజీకి ప్రయత్నించడం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కోర్టుకే పెట్టిన బాధ్యత, కాబట్టి మిమ్మల్ని శంకించి పంపారనుకోకండి. అయితే ఇది మీ కాపురాన్ని నెలల తరబడి చక్కదిద్దే కౌన్సెలింగ్ కాదు, కొద్ది సిట్టింగుల్లో ఒక ఒప్పందానికి తెచ్చే ప్రయత్నం. ఇష్టపడి విడిపోయేవారు పిటిషన్ వేశాక ఆగాలని హిందూ వివాహ చట్టం పెట్టిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తొందరలేకపోతే ఆ ఆరు నెలల్లో సొంతంగా కౌన్సెలర్‌ను కలవడానికి ఏ అడ్డూ లేదు. విడిపోవడమే ఖాయమైతే పిల్లలు ఎవరి దగ్గర, ఏ సెలవులకు ఎక్కడ, ఫీజులు ఎవరు కట్టాలన్నవి తేదీలతో సహా రాసుకుని మీడియేషన్‌కు వెళ్లండి. "తర్వాత చూసుకుందాం" అని వదిలేసిన అంశాల మీదే మళ్లీ కోర్టుకెక్కాల్సి వస్తుంది.