ప్రేమకథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ నవల చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, ఆ విషయంలో బెంగ పెట్టుకోకు. నేను ఆగిపోయింది కథ మధ్యలో. నాయిక తను ప్రేమించినవాణ్ని ఎవరో అమ్మాయితో చూసి మాట్లాడటం మానేస్తుంది. వంద పేజీలయ్యాక ఆ అమ్మాయి అతని చెల్లెలని తెలుస్తుంది. అంటే ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ వంద పేజీలూ అక్కర్లేదు. చదివేవాళ్లకు జాలి కలగదు, చిరాకు వస్తుంది. "అడగొచ్చుగా!" అని ఒకసారి అనుకున్నారంటే ఆ తర్వాత నాయిక ఎంత ఏడ్చినా వాళ్లకు పట్టదు.

రాయడం మొదలుపెట్టేముందే ఒకటి తేల్చుకో. వీళ్లిద్దరూ ఇవాళే ఎందుకు ఒకటి కాలేరు? డబ్బు, దూరం, పెద్దవాళ్ల పంతం లాంటివి ఉండొచ్చు, ఉండనీ. అవన్నీ రేపు పొద్దున్నకల్లా తీరిపోయినా వాళ్ల మధ్య ఇంకా ఏదో అడ్డం ఉండాలి. నువ్వు రాయాల్సింది దాని గురించే.

1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ ఇంగ్లిష్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీసి చూడు. మొత్తం 61 అధ్యాయాలు. నాయకుడు డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది 34వ అధ్యాయంలో. ప్రేమిస్తున్నానని చెబుతూనే నాయిక ఎలిజబెత్ కుటుంబాన్ని తక్కువ చేసి మాట్లాడతాడు. ఆమె మొహమాటం లేకుండా కాదంటుంది. మర్నాడు అతను ఇచ్చిన ఉత్తరంతో ఆమె అనుమానాలు చాలావరకు తీరతాయి. అక్కడితో కథ అయిపోవాలి కదా? అవదు. అతని అహంకారం కరగాలి, ఆమె తన తొందరపాటును తనే ఒప్పుకోవాలి. అపార్థం తొలగడం అక్కడ ముగింపు కాదు, అసలు కథ అక్కడే ఊపందుకుంటుంది.

ఇప్పుడు నీ నాయిక సంగతి. తండ్రి పోయాక ఇల్లంతా తనే నెట్టుకొచ్చిందని రెండో అధ్యాయంలో రాశావు, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. నీకు కావలసిందంతా అందులోనే ఉంది. అలాంటి మనిషి ఎవరి ముందూ చేయి చాచదు. అతనేమో అడక్కముందే సాయం చేసే రకం. ఆమె బండి పంక్చరైతే, ఆమె ఆఫీసులో ఉండగానే బాగుచేయించి తెచ్చి పెట్టాడనుకో. ఆమెకు సంతోషం కలగదు, టెన్షన్ పట్టుకుంటుంది. పర్సు తీసి డబ్బులు చేతిలో పెడుతుంది. "ఛ, మన మధ్య డబ్బులేంటి" అని అతనంటే అది అందరూ రాసే సీను. అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, డబ్బులు తీసుకుని, జేబులో వెతికి చిల్లర తిరిగిచ్చాడనుకో! ఆ చిల్లర అందుకుంటుంటే, ఈ మనిషి పక్కన తను తనలాగే ఉండొచ్చని ఆమెకు మొదటిసారి అనిపిస్తుంది. ప్రేమ అన్న మాట ఎక్కడా పడలేదు, అయినా ఇద్దరూ ఒక అడుగు దగ్గరయ్యారు.

వర్ణనలు తగ్గించు. పెద్ద కళ్లు, ఆరడుగుల ఎత్తు అందరికీ కనిపించేవే. ప్రేమించినవాడికి మాత్రమే కనిపించేది ఒక్కటి రాస్తే చాలు. స్నేహితురాలి పాత్ర "నువ్వు ప్రేమలో పడ్డావే" అని చెప్పడానికే వస్తోంది, ఆమెకంటూ ఒక పని పెట్టు. ఇద్దరూ తాకే సన్నివేశాలు ఎన్ని రాయాలో నీ ఇష్టం. ఒక్కొక్కటి అయ్యాక మాత్రం వాళ్ల మధ్య ఏదో ఒకటి మారి తీరాలి.

ప్రేమ నవలలే కదా అని తేలిగ్గా తీసేసేవాళ్లు నీకూ ఎదురవుతారు. చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోయిన కథను, అర్ధరాత్రి దాటినా పక్కన పెట్టనివ్వకుండా చదివించడం ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుసు. ఆ పనిని చిన్నచూపు చూడకు, ఎవరినీ చూడనివ్వకు.

ముగింపులో అతను పరుగెత్తుకుంటూ వచ్చి రైలు ఆపేశాడు. బాగానే ఉంది కానీ, ఆ పరుగుతో ఆమెలో ఏం మారింది? చివర్లో ఆమె నోరు తెరిచి అతన్ని ఒక సాయం అడగాలి, ఎంత చిన్నదైనా సరే. అడగడానికి ముందు ఎంత నలిగిందో నాకు కనిపించాలి. ముందు ఆ ఒక్క సీను రాసి పంపు. అది కుదిరితే మధ్యలో ఏ అధ్యాయాలు తీసేయాలో నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ అక్క