వలసవాదులా, వలసదారులా?

సందేహం: శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ దీవిలో చైనా నుంచి వచ్చినవారు గోడల మీద చెక్కిన కవిత్వం గురించి మా గ్రంథాలయ ప్రదర్శనకు ఒక పరిచయం రాశాను. ‘వలసవాద ఖైదీల శిలాశాసనాలు’ అని పేరు పెడితే, మూడు మాటలూ తప్పేనని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మూడు కాదు, రెండున్నర.

వలసవాదం అంటే పరాయి దేశాన్ని పట్టుకుని ఏలే విధానం. మనల్ని ఏలిన ఇంగ్లీషువారు వలసవాదులు. బతుకుతెరువు కోసం ఊరు విడిచినవారు వలసదారులు, లేదా వలస వచ్చినవారు. పత్రికల్లోనూ ఈ పొరపాటు తరచు కనిపిస్తుంది. చైనా కూలీల రాకను అమెరికా 1882లోనే చట్టం చేసి నిషేధించింది. 1910 నుంచి 1940 వరకు ఆ దీవిలో, దేశంలోకి రానివ్వాలా వద్దా అని తేల్చే విచారణల కోసం వారాలు, నెలలు పడిగాపులు కాసినవారిని వలసవాదులు అంటే అర్థం తలకిందులవుతుంది. (వలసదారులోని ‘దారు’ వాటాదారు, చందాదారులలో ఉన్న ఫారసీ ప్రత్యయం. కొయ్య అనే అర్థమున్న సంస్కృత ‘దారువు’ వేరు. గోడలు కొయ్యవే కనుక ముందే చెబుతున్నాను.)

ఇక శిలాశాసనాలు. అక్కడ శిల లేదు, బస గోడలు చెక్కవి. అంతకంటే పెద్ద చిక్కు ‘శాసనం’తో. ఆజ్ఞాపించడం, బోధించడం అనే అర్థాలున్న ‘శాస్’ ధాతువు నుంచి వచ్చిన మాట అది. శాసించు, శాసనసభ, చివరికి శిష్యుడు కూడా ఆ ఇంటివే. దానశాసనమైనా సరే, మన వాడుకలో శాసనాన్ని ‘వేయిస్తారు’. చెప్పేది ఒకరు, చెక్కేది ఇంకొకరు. ఏంజెల్ దీవిలో చెప్పినవాడే చెక్కాడు, అదీ అధికారులు వద్దంటుండగా. వారి దృష్టిలో అవి పిచ్చిరాతలు. అందుకే పుట్టీతో పూడ్పించి రంగు వేయించారు. ఆ పుట్టీ, రంగే చెక్కను కొంత కాపాడాయి. 1970లో, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఆ కట్టడంలో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి వాటిని గమనించాడు. ఇప్పటికి రెండు వందలకు పైగా పద్యాలు నమోదయ్యాయి. చాలావాటికి కర్తల పేర్లు లేవు.

‘పద్యాలు’ అని కావాలనే అన్నాను. మీరు ‘కవిత్వం’ అన్నదీ తప్పు కాదు కానీ, వీటిలో ఎక్కువ భాగం ప్రాచీన చైనా ఛందస్సులో రాసినవి. పాదానికి ఐదో ఏడో అక్షరాలు, నాలుగు లేదా ఎనిమిది పాదాలు, పాదాంతంలో ప్రాస. మన ప్రాస రెండో అక్షరానికి చెందుతుంది కనుక దీన్ని అంత్యప్రాస అనాలి. ‘వచన కవితలు’ అని మాత్రం రాయకండి. ‘గోడరాతలు’ అనవచ్చు గానీ, ఆ మాట వినగానే మనకు ఎన్నికల నినాదాలు గుర్తొస్తాయి.

మిగిలిన అర తప్పు ‘ఖైదీ’. నేరం మోపబడినవాడో, శిక్ష పడినవాడో ఖైదీ. వీరు ఏ నేరమూ రుజువు కాకుండానే బందీలయ్యారు. కాబట్టి మీ సొంత వాక్యంలో ‘నిర్బంధితులు’ అనండి. అయితే ఆ కవులు తమ గురించి చెప్పుకున్నప్పుడు ఇంత సౌమ్యంగా లేరు. తమను ఉంచిన చోటును ‘కొయ్య ఇల్లు’ అన్నారు, అందులో తాము చెరలో ఉన్నామనీ రాసుకున్నారు. చెరకు చైనా లిపిలో ఉన్న అక్షరం చూడండి: నాలుగు గోడల గడి, మధ్యలో ‘మనిషి’ అనే అక్షరం. పద్యాన్ని తెనిగించేటప్పుడు అక్కడ ‘నిర్బంధితుడు’ అని పెడితే పద్యం చచ్చిపోతుంది. అక్కడ ఖైదీ అనే ఉంచండి, బందీ అన్నా నాకు అభ్యంతరం లేదు.

నన్నడిగితే మీ ప్రదర్శనకు ‘కొయ్య ఇంటి పద్యాలు’ అని పేరు పెట్టి, కింద చిన్న అక్షరాలతో ‘ఏంజెల్ దీవిలో చైనా వలసదారుల రచనలు’ అని రాస్తాను. మీ తమ్ముడికి ఆ సగం మార్కు తగ్గించిన సంగతి కూడా చెప్పండి.