బండి నాదే, స్పేర్ తాళమూ నా దగ్గరే ఉంది: షెడ్డు నుంచి తెచ్చేసుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది విజయనగరం. రెండేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. ఈమధ్య నేనూ మా బావమరిదీ పూరీ, కోణార్క్ చూసొద్దామని అందులో బయల్దేరాం. నరసన్నపేట దాటాక టీ కోసం సర్వీసు రోడ్డులోకి దిగితే, స్పీడ్ బ్రేకర్ తగిలి కింద ఆయిల్ చాంబర్ పగిలింది. ఎర్ర లైటు వెలగగానే ఇంజిన్ ఆపేశాను. దగ్గర్లో ఉన్న మెకానిక్ షెడ్డుకి బండిని లాగించాం. ఇరవై ఎనిమిది వేలు అవుతుందని నోటిమాటగా చెప్పారు. ఫోన్‌పేలో 10,000 అడ్వాన్సు ఇచ్చి, బస్సెక్కి ఇంటికొచ్చేశాం. తొమ్మిదో రోజు వెళ్తే తెల్లకాగితం మీద 74,500 రాసి చేతిలో పెట్టారు. చాంబర్‌కి విశాఖలో ఆర్గాన్ వెల్డింగ్, ప్యాకింగు, ఆయిలు, కూలీ కలిపి 33,000. క్లచ్ సెట్ మార్చినందుకు 37,000. పార్కింగ్ రోజుకి అయిదొందల చొప్పున 4,500. క్లచ్ మార్చమని నేను చెప్పలేదు. పైగా మీటరు చూస్తే నేను వదిలిన రోజు కంటే 143 కిలోమీటర్లు ఎక్కువ ఉంది. మధ్యలో ఒక రాత్రి 11.40కి మడపాం టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ డబ్బు కట్ అయినట్టు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అడిగితే, "డబ్బు కట్టి పట్టుకెళ్ళు బాబూ, లేకపోతే రోజుకి అయిదొందలు పడుతూనే ఉంటాయి" అన్నాడు షెడ్డు ఆసామి. రెండో తాళం ఇంట్లోనే ఉంది, రాత్రికి వెళ్ళి తోలుకొచ్చేద్దాం అంటున్నాడు మా బావమరిది. అలా చేయవచ్చా? లేక పోలీసు కేసు పెట్టాలా?

జవాబు: ముందు ఆ రెండో తాళం సంగతి తేల్చేద్దాం. ఆ పని చేయకండి. సొంత బండి తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో దొంగతనానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఇలాంటిదే ఒకటి ఉంది. ఒకాయన గడియారం బాగుచేయడానికి ఇచ్చాడు. బాగుచేసినందుకు డబ్బు బాకీ ఉన్నాడు. ఆ బాకీ కోసం దుకాణదారు గడియారాన్ని చట్టప్రకారమే తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ హామీ అతనికి లేకుండా చేయాలనే ఉద్దేశంతో యజమాని గడియారం పట్టుకుపోతే అది దొంగతనమే. 1860 నాటి శిక్షాస్మృతిలో 378వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణే కొత్త చట్టంలోకీ వచ్చింది. గడియారం ఉన్న చోట మీ కారు పెట్టి చదువుకోండి. ఇప్పటిదాకా న్యాయం చాలావరకు మీ వైపే ఉంది. రాత్రిపూట గేటు తీసి బండి తోలుకొస్తే మరునాడు పొద్దున ఫిర్యాదు ఇచ్చేవాడు అతనవుతాడు, మీరూ మీ బావమరిదీ ముద్దాయిలవుతారు. మీ మంచి కోరే వాళ్ళెవరూ ఇవ్వాల్సిన సలహా కాదది.

బండిని ఆపే హక్కు అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. ఒక వస్తువును మనం ఏ పని కోసం అప్పగించామో ఆ పనిని కష్టపడి, నైపుణ్యంతో చేసినవాడు, తన న్యాయమైన కూలి చేతికొచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. సానపట్టమని వజ్రం ఇస్తే, సానపట్టిన కంసాలి కూలి ముట్టేదాకా వజ్రం ఇవ్వనక్కర్లేదని చట్టంలోనే ఉదాహరణ ఉంది. ఈ హక్కు ఉండటం న్యాయమేనని నేను నమ్ముతాను. పని చేయించుకుని రేపిస్తా ఎల్లుండిస్తా అని బండెక్కి వెళ్ళిపోయినవాళ్ళ వెంట తిరిగే ఓపిక హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న మనిషికి ఎక్కడిది?

కానీ ఆ సెక్షన్‌ని ఇంకోసారి చదవండి: ఏ పని కోసం అప్పగించామో ఆ పనికి. మీరు అప్పగించింది చాంబర్ కోసం. చాంబర్ కూలికి బండి ఆపవచ్చు. చెప్పని క్లచ్ కోసం ఆపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. 171వ సెక్షన్‌లో పాత బాకీలన్నిటికీ కలిపి వస్తువు ఆపుకునే విస్తృత హక్కు ఒకటి ఉంది గానీ, అది బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు వంటి కొద్దిమందికే. విడిగా ఒప్పందం ఉంటే తప్ప మెకానిక్‌కి అది లేదు. ఇంకో సంగతి, ఎంత బాకీ ఉన్నా బండిని అమ్ముకునే హక్కు 170వ సెక్షన్ ఇవ్వదు. కాబట్టి మీ కారు పోతుందని టెన్షన్ పడకండి.

పార్కింగ్ 4,500 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ తొమ్మిది రోజులూ బండి షెడ్డులో ఉన్నది పని కోసం. ముందుగా చెప్పి మీరు ఒప్పుకుంటే తప్ప దానికి అద్దె లేదు. ఇక మీద రోజుకి అయిదొందలు అన్న మాట కూడా నిలవదు. తన డబ్బుకు హామీగా తాను ఆపుకున్న వస్తువుకు, ఆపినందుకు అద్దె అడగకూడదని ఇంగ్లండులో 1860లోనే ఓడ మరమ్మతు కేసులో తేల్చారు. అక్కడా ఇదే కథ. బాగుచేసినవాళ్ళు డబ్బు కోసం ఓడను డాక్‌లో ఆపి, ఆపిన రోజులకు కూడా కిరాయి అడిగారు, ఇవ్వక్కర్లేదన్నారు.

అసలు చిక్కు క్లచ్ దగ్గరుంది. దీని మీద మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఆ తొమ్మిది రోజుల్లో షెడ్డు నుంచి ఫోన్ వస్తే, ఏదో పనిలో ఉండి "సరే, మీకెలా తోస్తే అలా చూడండి" అన్నారా? అని ఉంటే అది అనుమతే అవుతుంది. కాల్ వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు అన్నీ ఇప్పుడే ఒకసారి వెనక్కి వెళ్ళి వినండి. మీకు అనుకూలమైనవే కాదు, వ్యతిరేకమైనవి కూడా. రెండు, పాత క్లచ్ ప్లేట్ ఎక్కడుంది? అడిగి చేతిలోకి తీసుకుని చూడండి. మందం అరిగి రివెట్లు బయటపడి ఉంటే, మార్చడం అవసరమేనని ఏ మెకానిక్కైనా చెబుతాడు. పాత ప్లేట్ చూపించలేకపోతే మార్చారన్న మాటే అనుమానం.

ఇలా ఎందుకు అడుగుతున్నానంటే, అదే కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఉంది. అడగకపోయినా, ఊరికే కాదనే ఉద్దేశంతో ఒకరు మనకు న్యాయంగా ఒక పని చేసిపెడితే, దాని ఫలితం మనం అనుభవిస్తే, తగిన ప్రతిఫలం ఇవ్వాలి. షెడ్డు తరఫు లాయరు ముందుగా పట్టుకునేది దీన్నే. అయితే వద్దనడానికి అవకాశం లేకుండా నెత్తిన పెట్టినదాన్ని అనుభవించడం అనరు. నా అభిప్రాయం ఏమిటంటే, పాత ప్లేట్ నిజంగా అరిగిపోయి ఉంటే సామాను కొన్న బిల్లు చూపించమని, ఆ ధర వరకు రాజీకి రండి. ఎప్పుడో ఒకప్పుడు మీరు పెట్టాల్సిన ఖర్చే కదా. అరగకపోతే పైసా ఒప్పుకోకండి.

చాంబర్ పనికి ఇరవై ఎనిమిది అని చెప్పి ముప్పై మూడు వేశారని బాధపడ్డారేమో గానీ, ఆ అయిదు వేల మీద పోట్లాడకండి. విప్పి చూడకముందు చెప్పిన అంచనా అది. నేలకు జానెడు ఎత్తు కూడా లేని కారుకి చాంబర్ విప్పి, విశాఖ పంపించి వెల్డింగ్ చేయించి, తెచ్చి బిగించారు. అది సులువైన పని కాదు. ఒప్పుకోదగ్గది 33,000. అందులో 10,000 ఇచ్చేశారు. మిగిలింది 23,000. దాన్ని ఇప్పుడే ఇవ్వజూపండి. మీ కేసంతా ఈ ఒక్క పని మీద నిలబడుతుంది. న్యాయమైన కూలి ఇస్తామన్నా పుచ్చుకోకపోతే, ఆ తర్వాత బండి ఆపడం అతని తప్పవుతుంది.

నోటితో కాదు, రాసి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. భాష గట్టిగా ఉండక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: "నా కారు ఆయిల్ చాంబర్ మరమ్మతు నిమిత్తం మీకు అప్పగించాను. ఆ పనికి మీరు వేసిన 33,000లో అడ్వాన్సు 10,000 పోను 23,000 చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. క్లచ్ పనికి నేను అనుమతి ఇవ్వలేదు. పార్కింగ్ చార్జీకి ఒప్పందం లేదు. మార్చిన పాత సామాను, వివరాలతో సంతకం చేసిన బిల్లు ఇచ్చి, ఏడు రోజుల్లో బండి అప్పగించగలరు."

ఆ బిల్లు సంగతి కూడా పట్టించుకోండి. తెల్లకాగితం మీద అంకెలు బిల్లు కాదు. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగానే లెక్కిస్తుంది.

బండి వెంటనే కావాలి, ఆగలేను అంటే ఇంకో దారి ఉంది. మొత్తం కట్టేయండి, కానీ "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని బిల్లు మీద రాసి, దాని ఫొటో తీసుకుని బండి తెచ్చుకోండి. ఎక్కువ పుచ్చుకున్నది తర్వాత వినియోగదారుల కమిషన్‌లో అడగవచ్చు. నగదు ఇవ్వకండి, ఫోన్‌పేలోనో చెక్కుతోనో ఇవ్వండి.

ఇక ఆ 143 కిలోమీటర్లు. మీ ఉత్తరంలో నాకు బాగా కష్టమనిపించిన ముక్క ఇదే. చాంబర్ బిగించాక కారుతోందో లేదో చూడటానికి అయిదో పదో కిలోమీటర్లు తిప్పడం పనిలో భాగం. రాత్రి 11.40కి టోల్ గేటు దాటడం పనిలో భాగం కాదు. అప్పగించిన వస్తువును అప్పగించిన పనికి కాక వేరేదానికి వాడితే, ఆ వాడకం వల్ల ఏ నష్టం జరిగినా, జాగ్రత్తగానే నడిపినా, బాధ్యత వాడినవాడిదేనని కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్ చెబుతోంది. ఆ రాత్రి ఆ కారు ఎవరినైనా గుద్ది ఉంటే, ఆర్‌సీలో పేరున్న పాపానికి నష్టపరిహారం కేసులో సమన్లు మీ ఇంటికొచ్చేవి. బండి వదిలిన రోజుదీ, తొమ్మిదో రోజుదీ డాష్‌బోర్డు ఫొటోలు ఉంటే భద్రపరచండి. ఫాస్టాగ్ మెసేజ్ ఒక్కటే చాలదు, బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకోండి. టోల్ గేటు కెమెరా దృశ్యాలు ఎక్కువ రోజులు ఉంచరు కాబట్టి, వాటిని భద్రపరచమని ఈ వారంలోనే రాతపూర్వకంగా కోరండి. ఫోన్లోని ఫొటోలు, మెసేజ్‌లు సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందుకని ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

పోలీసు కేసు అడిగారు. వెళ్తే సివిల్ తగాదా అని పంపించేసే అవకాశమే ఎక్కువ, ఇప్పుడున్న విషయాల మీద అది తప్పని కూడా అనలేను. బండిని షెడ్డు నుంచి మాయం చేసినా, సామాను విప్పి అమ్మినా అప్పుడు సంగతి వేరు, నమ్మకద్రోహం కింద న్యాయ సంహిత 316వ సెక్షన్ పడుతుంది.

మీరు వెళ్ళాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. బండి శ్రీకాకుళం జిల్లాలో పాడైందని శ్రీకాకుళం చుట్టూ తిరగక్కర్లేదు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయనగరంలోనే వేయవచ్చు. ప్రతిఫలంగా చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఇది లాయరుగా ఉండి చెబుతున్నాను. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. కేసు తేలేలోగా బండి విడిపించమని 38వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. తగాదాలో ఉన్న సొమ్ము కమిషన్‌లో జమ చేయడానికి సిద్ధమని పిటిషన్‌లోనే రాస్తే ఉత్తర్వు రావడం తేలికవుతుంది. కారు ఏదైనా కంపెనీ పేరిట ఉంటే మాత్రం ముందు నాకు చెప్పండి, వ్యాపార అవసరం అనే అభ్యంతరం వస్తుంది.

అంతకంటే ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకి ముందే రాజీకి దరఖాస్తు ఇచ్చినా ఖర్చు ఉండదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. చాంబర్ డబ్బు మీరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, పార్కింగ్ నిలవదు, మిగిలింది క్లచ్ ఒక్కటే. నాకైతే ఈ తగాదా అక్కడే తెగిపోతుందనిపిస్తోంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. దానంతట అది పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు. రోడ్డు తగిలి చాంబర్ పగలడం ప్రమాదం కింద వస్తుంది. లైటు వెలగగానే ఇంజిన్ ఆపి మంచి పని చేశారు. అలాగే తోలి ఉంటే ఇంజిన్ పట్టేసేది, పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే ఆ నష్టం మీ మీదే పడేది. మరమ్మతుకి ముందే కంపెనీకి చెప్పి సర్వేయర్‌కి చూపించాల్సింది. అయినా ఆలస్యం చేయక ఇప్పుడే తెలియజేసి, పగిలిన చాంబర్ ఫొటోలు, వెల్డింగ్ బిల్లు జతచేయండి.

బండి తీసుకునే రోజు పట్టపగలు వెళ్ళండి. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి. ఇంజిన్ పావుగంట ఆన్‌లో ఉంచి, కింద అట్టముక్క పరచి ఆయిల్ చుక్క పడుతుందేమో చూడండి. మీటరు ఫొటో తీయండి. పాత ప్లేట్, బిల్లు, తాళం మూడూ చేతికొచ్చాకే డబ్బు ఇచ్చి, ముట్టినట్టు రసీదు రాయించుకోండి. ఆ రెండో తాళం ఇంట్లోనే వదిలి వెళ్ళండి.